మట్టలకి కట్టిన రాయి

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం, దానికి ముందు శుక్రవారం, పగలు పదకొండున్నర. ఆ వేళ నేను చూసి చెబుతున్నది కాదు. అప్పటికి నాకు అక్షరమూ రాదు, గడియారమూ రాదు. నుయ్యి తవ్విస్తున్న రైతుగారి చేతికి గడియారం ఉండేది. నా పెనిమిటి నూతి అడుగున ఒరిగిపోయాడని నేను కేకేయగానే ఆయన పరిగెత్తుకొచ్చి, లోపలికి తొంగిచూసి, తరవాత గడియారం చూసుకుని, "పదకొండున్నర" అన్నాడు. పోయినవాడికి వేళ చెప్పినట్టు చెప్పాడు. ఆ మాటకి ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

మాది నూతులు తవ్వే ఇల్లు. నర్సీపట్నంలో చర్చి వెనక పేటలో కాపురం. కోతలప్పుడు ఆడవాళ్ళం కళ్ళాలకి పోయి తూర్పెత్తేవాళ్ళం. ఎండలు ముదిరి నూతుల్లో నీళ్ళు అడుగంటాక ఇంటిల్లిపాదీ నూతి పనికి పోయేవాళ్ళం. మా బావగారు, అంటే నా పెనిమిటి అన్నగారు, మా ముఠాకి పెద్ద. అన్నదమ్ములిద్దరూ వంతులేసుకుని దిగి తవ్వేవారు. నేనూ నా తోడికోడలూ గిలక మీద తాడు లాగి, మట్టి గంప పైకి తెచ్చి, దూరంగా పోసి వచ్చేవాళ్ళం. ఆ ఏడు కోటవురట్ల రోడ్డు పక్కన ఒక రైతుగారి మెరక పొలంలో పని. తొమ్మిది నిలువుల లోతు దిగింది. నిలువంటే ఒక మనిషి ఎత్తు.

నూతి పనివాళ్ళకి పైనుంచి పడేదేదైనా భయమే. గట్టు మీద చింతపిక్క ఉన్నా మా బావగారు ఊరుకునేవాడు కాదు. పైన నిమ్మకాయంత రాయి కిందికి చేరేసరికి గుమ్మడికాయంత అవుతుందనేవాడు. లోపల మనిషి ఉండగా గట్టంచున నడిచినందుకు నా తోడికోడలు, ఆయన సొంత పెళ్ళాం, పదిమందిలో చెంపదెబ్బ తింది. అంత కట్టడి. కాని నా పెనిమిటి తువ్వాలు అడిగితే మాత్రం నేను పైనుంచే వదిలేసేదాన్ని. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అది మధ్యలో విప్పుకుని, అటు ఊగి ఇటు ఊగి తీరిగ్గా దిగేది. కింద ఆయన చేతులు చాపి చూసి చూసి, "ఒలే, పొద్దుగూకీలోపు దిగుద్దేటే ఇది?" అని అరిచేవాడు. నీకేం తొందర, మొహం తుడుచుకుని ఏ పెళ్ళికెళ్ళాలి అని నేను పైనుంచి అనేదాన్ని.

రాయి అలా ఎందుకు పడుతుంది, తువ్వాలు ఇలా ఎందుకు దిగుతుంది అని మేమెవరం అడగలేదు. కళ్ళంలో రోజూ చూసేదే కదా. చేట ఎత్తి ధాన్యం జారవిడిస్తే మట్టిబెడ్డ ముందు పడుతుంది, గింజ దాని వెనక, తాలు ఇంకా వెనక, ఊక అన్నిటికంటే ఆఖర్న. గాలి వీస్తే ఊక ఎగిరిపోతుందని అందరూ ఎరుగుదురు. గాలి వీయకపోయినా ఊక నిదానంగానే దిగుతుంది. కదలకుండా నిలబడ్డ గాలి కూడా దానికి అడ్డమే. ఇరవై ఏళ్ళు చేట పట్టినదాన్ని, ఇది నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను. అందుకే రాస్తున్నాను.

దీపానికీ మాకో కట్టుబాటు ఉండేది. పొద్దున్న ఎవరైనా దిగేముందు లాంతరు వెలిగించి సన్నతాడుతో అడుగుదాకా దించుతాం. గట్టు మీద అందరం నిలబడి పరలోక ప్రార్థన చెబుతాం. ఆమేన్ అనేదాకా దీపం ఆరకపోతే లోపల గాలి మంచిది, దిగొచ్చు. ఆరిందంటే పాడుగాలి ఉంది, ఆ పూట ఎవరూ దిగరు. మా మామగారి తండ్రి కాలం నుంచి అంతే. ఆ దీపం మా ఇంట్లో ఎవరినీ మోసం చెయ్యలేదు. కాని అవి ఇంజన్లు రాని రోజులు.

ఆ నూతిలో ఏడో నిలువుకే ఊట తగిలింది. బొక్కెనలతో తోడితే తరిగే ఊట కాదు. రైతుగారు కొత్తగా ఆయిల్ ఇంజను తెచ్చాడు. గట్టు మీద పెడితే అంత లోతు నీళ్ళు లాగలేదని, సగం లోతులో గోడని అరుగులా తొలిచి దాని మీద కూర్చోబెట్టారు. పొగ గొట్టం పైదాకా తేవాలని ఇంజను మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు. గొట్టం యలమంచిలి నుంచి రావాలి, వచ్చాక బిగిద్దాం అన్నాడు రైతుగారు. మేం నోరెత్తలేదు. దీపం ఉంది కదా అన్నది మా ధైర్యం. శుక్రవారం తెల్లవారకుండానే ఇంజను మొదలెట్టారు. పొగ కొంత పైకి పోయింది, కొంత లోపలే తిరిగింది. నీళ్ళు తగ్గేసరికి పొద్దు బాగా ఎక్కింది. నా పెనిమిటి దిగేముందు దీపం దించాం, ప్రార్థన చెప్పాం, ఆమేన్ అన్నాం. దీపం కదలకుండా తెల్లగా వెలిగింది. ఆయన దిగాడు.

రెండు గంపలు నింపి పంపాడు. మూడో గంప నిండితే కిందినుంచి తాడు రెండుసార్లు గుంజాలి, అదే సైగ. ఎంతసేపటికీ గుంజలేదు. ఇంజను మోతలో పిలిచినా వినపడదని నేను గట్టు మీద బోర్లా పడుకుని చూశాను. అడుగున మసక వెలుగులో ఆయన గంప పక్కన తల దించుకుని కూర్చున్నాడు, చుట్ట కాల్చుకోడానికి కూర్చున్నట్టు. పని మధ్యలో కూర్చునే మనిషి కాదు. నేను చూస్తుండగానే పక్కకి ఒరిగిపోయాడు. చెయ్యి చాపుకోలేదు. పడేవాడు ఎవడైనా చెయ్యి చాపుతాడు.

తరవాత జరిగినవి వరసగా చెబుతాను. ఇంజను మేస్త్రీ ఊపిరి బిగబట్టి, గోడలో కాళ్ళకి తవ్విన గుంటలు పట్టుకుని అరుగుదాకా దిగి ఇంజను ఆపేసి పైకొచ్చాడు. వస్తూనే గట్టు మీద కక్కుకున్నాడు. పొగ, అంతా పొగే అని మాత్రం అనగలిగాడు. మా బావగారు ఆగలేదు. నడుముకి తాడు కట్టుకుని దిగాడు. అరుగు దాటి రెండు నిలువులు వెళ్ళాడో లేదో మోకాళ్ళు మడతబడ్డాయి. నేనూ తోడికోడలూ ఇద్దరం కలిసి ఆయన్ని మట్టి గంపని లాగినట్టు లాగి పడేశాం. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి గాని, కాసేపు మమ్మల్ని గుర్తుపట్టలేదు.

అప్పుడు రైతుగారు దీపం దించి చూద్దాం అన్నాడు. దించాం. దీపం పొద్దున్న ఎలా వెలిగిందో అలాగే వెలిగింది. పాడుగాలి ఉంటే ఆరాలి, ఆరలేదు. ఇంజను పొగలోని విషం మనిషిని పడేస్తుంది గాని దీపాన్ని ఆర్పదని మాకు అప్పటికి తెలీదు. ఆ వెలుగులో నా పెనిమిటి కనిపించాడు. కుడిచెంప బురదకి ఆనించి పక్కకి పడుకుని ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. నోటి దగ్గర నురగ.

"దీపం బాగానే ఎలుగుతంది కదరా," అన్నాడు రైతుగారు. "గాలి మంచిదే. నువ్వు కంగారుపడి పైకొచ్చీసేవు."

మా బావగారు నేల మీద కూర్చుని ఆయాసపడుతూ ఆ దీపాన్నే చూశాడు. ఆ దీపాన్ని నమ్మి తమ్ముణ్ణి దింపాడు. మళ్ళీ లేవబోయాడు. తోడికోడలు ఆయన నడుము తాడు రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. ఇద్దరూ పోతే నాకెవరున్నారని ఏడిచింది. ఆ మాట నాకు వినపడేలా అంది. తప్పు పట్టను. నేనైనా అదే చేద్దును.

ఇంజను ఆగిపోయాక నూతిలో ఒక చప్పుడు మొదలైంది. అంతవరకూ మోతలో వినపడలేదు. ఊట చప్పుడు. మూడు వైపుల నుంచి నీరు కారుతోంది. దీపం వెలుగులో ఆయన చెవి తమ్మెకి నీరు తగలడం చూశాను. ఇంజను ఆడితే పొగ. ఆపితే నీరు. నోరు తెరుచుకుని పడుకున్న మనిషికి ఇంకెంత నీరు కావాలి? బెత్తెడు. నేను గోడ మీద మట్టిచార ఒకటి గుర్తు పెట్టుకుని చూస్తూ ఉన్నాను. చార మునిగింది. పైన ఇంకొకటి పెట్టుకున్నాను.

నర్సీపట్నానికి మనిషిని పంపుదాం అన్నాడు రైతుగారు. ఎవరిని పంపుతాడు? కక్కుకుంటున్న మేస్త్రీనా? అక్కడ ఉన్నదే మేం.

అప్పుడు అయ్యగారు వచ్చారు. మా చర్చి పాస్టరుగారు. ఆదివారం ఊరేగింపుకి మట్టలు కావాలని అదే రైతుగారి కొబ్బరిచెట్ల నుంచి లేత మట్టలు కొట్టించుకుని, సైకిలు వెనక కట్టుకుని పోతున్నారు. మా ఏడుపు విని సైకిలు గట్టుకి జేరేసి వచ్చారు. లోపలికి చూసి మోకాళ్ళ మీద కూర్చోబోయారు. మా బావగారి కళ్ళు మాత్రం సైకిలు వెనక మట్టల మీద పడ్డాయి.

పాడుగాలి నూతికి మా పెద్దలు చేసే వైద్యం ఒకటుంది. ఆకురొట్ట మోపుగా కట్టి, తాడుతో నూతిలోకి వదిలి, పైకి లాగి, మళ్ళీ వదులుతారు. అలా చేయగా చేయగా లోపలి గాలి కదిలి పైకొస్తుంది. ఎండాకాలం, ఆ మెరకలో పచ్చాకు లేదు. కానుగ చెట్లు రోడ్డు మొదట ఉన్నాయి, పోయి కొట్టుకొచ్చేసరికి తెల్లారిపోతుంది. మా బావగారు సైకిలు వైపు చెయ్యి చూపించాడు. నా తోడికోడలు వెళ్ళి మట్టల మీద చెయ్యి వేసి ఆగిపోయింది. అవి దేవుడి మట్టలు. అయ్యగారే వచ్చి తాడు తెంపి వాటిని నేలమీదికి తోసేశారు.

"ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది. నరకండి," అన్నారు.

మొదళ్ళు నరికి, నాలుగు మట్టలు నాలుగు దిక్కులకి పెట్టి, నడుమ తాడు కట్టాం. మా బావగారికి నిలబడే ఓపిక లేదు. తాడు నా చేతికొచ్చింది. వదిలాను.

ఆ తాడు నా అరచేతిలోంచి పోయిన తీరు ఇప్పటికీ చెప్పగలను. వదలగానే ఒక గుంజు గుంజింది, రెండు మూడు బారలు జర్రుమని పోయింది. తరవాత అంతే. ఇంక వేగం పెరగలేదు. అదే నడకతో, తొందర లేని మనిషి మెట్లు దిగినట్టు, బార తరవాత బార నా చేతిలోంచి జారుతూ పోయింది. మట్టలు ఆకులు విప్పుకుని, కొంచెం తిరుగుతూ దిగుతున్నాయి. వేడి గాలి, ఇంజను పొగ వాసన వేస్తూ, నా మొహానికి కొట్టింది. మొహం పక్కకి తిప్పుకున్నాను. అక్కడే నాకు అర్థం కావలసింది. కాలేదు.

ఎందుకంటే నా కళ్ళు నీటి మీద ఉన్నాయి. నీరు చెవి సగం దాటింది. మట్టలు ఇంకా సగంలో ఉన్నాయి. రైతుగారు బేగి బేగి అని అరుస్తున్నాడు. తోడికోడలు బేగి దించవే అంటోంది. నాకూ అదే అనిపించింది. ఇది ఇంత నిదానంగా దిగి ఏం ఒరగబెడుతుంది, బరువుంటే బేగి పోతుంది, బేగి పోతే బేగి లాగొచ్చు, రెండు విడతలకి నాలుగు విడతలు వేయొచ్చు. ఇదీ నా తెలివి. పైకి లాగాను. తవ్విపోసిన మట్టిలోంచి రెండు గుప్పిళ్ళంత నల్లరాయి తీసి, మట్టల నడుమ, తాడు ముడి కింద, నా కొంగు చింపి కట్టాను. ఎవరూ కట్టమనలేదు. ఎవరూ వద్దనలేదు. గట్టు మీద చింతపిక్క ఉంచనివ్వని మా బావగారు చూస్తూనే ఉన్నాడు. ఆయనా వద్దనలేదు. వదిలాను.

తాడు అరచేతులు కాల్చేసింది. నేను పట్టుకోడానికి అది దొరకలేదు. రాయి బరువుకి మట్టలన్నీ పైకి మడుచుకుపోయాయి, మూసిన గొడుగులా. దిగడం కాదు అది, పడడం. కింద లాంతరు గాజు పగిలిన చప్పుడు. దాని వెంటనే ఇంకో చప్పుడు, మెత్తగా, లోపల గట్టిగా. దీపం వెలుగుకి అలవాటుపడ్డ కళ్ళకి నూతిలో చీకటైపోయింది.

ఆ రెండో చప్పుడు ఏమిటో నాకు తెలుసు. ఎముకలున్న మాంసం కొట్టేవాడి కత్తి కింద ఆ చప్పుడు వింటాం.

నేను మొహం నూతి మీదే ఉంచాను. మొహానికి గాలి రాలేదు. మొదటిసారి కొట్టిన వేడి గాలి, ఆ కంపు, ఏదీ రాలేదు. అంత బరువు అంత వేగంగా పోయి అడుగున గాలిని కదపనేలేదు. తాడు లాగితే తేలిగ్గా వచ్చింది. మట్టలు విరిగి వచ్చాయి, రాయి కిందే ఉండిపోయింది.

అప్పుడు నాకు వెంటనే అంతా తెలిసిపోయిందని రాస్తే అబద్ధం. రైతుగారు ఇంకా పెద్ద రాయి చూడండి, అడుగు తగిలేలా దించండి అంటున్నాడు. ఇంజను మేస్త్రీ నిజంగానే ఒక రాయి ఎత్తుకొచ్చాడు. ఆ రాయి చూడగానే నా చేతులు వెనక్కి పోయాయి. తరవాత నోరు లేచింది. నా జన్మలో ఒక రైతుగారి మీద నోరెత్తింది అదొక్కసారే.

"రాయి కడితే ఆయన్ని సంపీగలను," అన్నాను. "మీ కళ్ళంలో ఇరవయ్యేళ్ళు తూర్పెత్తేను బాబూ. ఊకకి గాలి తగుల్తాది గాని రాయికి గాలేటి తగుల్తాది? నెమ్మదిగా దిగాల. దిగినంతసేపూ గాలిని తోస్తాది. నా మొకం మీదికి వొచ్చింది, నాను సూసేను."

ఆయన ఏదో అనబోయాడు. నా తోడికోడలు అడ్డం పడింది. "దాని మొగుడు కిందున్నాడు, మీ మొగుడు కాదు. ఊరుకోండి," అంది. అంత కష్టంలోనూ ఆ మాట నాకు గుర్తుండిపోయింది. ఆయనకి మొగుడేమిటి?

మట్టి మోసే పెద్ద వెదురుగంప బోర్లించాం. దాని వెనక మిగిలిన మట్టలన్నీ చుట్టూ పరిచినట్టు కట్టాం. ఎంత వెడల్పుగా వస్తే అంత. వదిలితే ఒక గుంజు గుంజి, తరవాత తన నడకలో తాను దిగింది. మొహానికి గాలి కొట్టింది, పొగ కంపు కొట్టింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. ఆ కంపు కోసమే చూశాను. కంపు పైకొస్తోందంటే కింద తగ్గుతోందని.

లాగడం, వదలడం. లాగేటప్పుడు తోడికోడలూ నేనూ ఇద్దరం. వదిలేటప్పుడు నేనొక్కదాన్ని. వదిలి ఊరికే నిలబడాలి. అదే కష్టం. తొయ్యలేం, తొందరపెట్టలేం. తాడు తన లెక్కలో పోతుంది. కింద చీకటి. నీరు ఎక్కడిదాకా వచ్చిందో కనపడదు. నోటిదాకా వచ్చిందా, ముక్కు దాటిందా, రాయి ఎక్కడ తగిలింది, తలకా, ఇంకెక్కడికైనానా. గంప దిగినంతసేపూ ఇవే. ఆయన చచ్చిపోయి ఉంటే నేను రాయితో చంపినట్టు. బతికుంటే నా నిదానంతో ముంచుతున్నట్టు. అయ్యగారు పరలోక ప్రార్థన అందుకున్నారు. గంప దిగడానికి ఒక ప్రార్థన సరిపోయేది. ఎన్నిసార్లు ఆమేన్ అన్నారో నాకు తెలీదు. అరచేతుల తోలు లేచిపోయి తాడు ఎర్రబడింది. మధ్యలో ఒకసారి నాకు అనిపించింది, ఇంక చాలు, ఆపేద్దాం, ఆయన పోయాడు అని. ఆ మాట కూడా రాస్తున్నాను. ఆపలేదు. ధైర్యం ఉండి కాదు. ఆపితే ఏం చెయ్యాలో తెలియక ఆపలేదు.

కంపు తగ్గింది. వచ్చే గాలి చల్లబడింది. మా బావగారు లేచి, తడిపిన తువ్వాలు మూతికి కట్టుకుని, నడుముకి తాడు బిగించుకున్నాడు. ఈసారి తోడికోడలు పట్టుకోలేదు. ఆయన దిగాడు. చీకట్లో నీళ్ళు కదిలిన చప్పుడు. తరవాత చాలాసేపు ఏమీ లేదు. తాడు రెండుసార్లు గుంజింది.

ముందు నా పెనిమిటిని లాగాం. మొహం ఎర్రగా ఉంది, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టి రుద్దినట్టు. చచ్చినవాడి మొహంలా లేదని అందరూ అన్నారు. నీరు కింది పెదవిదాకా వచ్చిందట, మా బావగారు తరవాత చెప్పాడు. అయ్యగారు ఛాతీ మీద చెవి పెట్టి, ఉంది, ఊపిరుంది అన్నారు. ఎడమ మోకాలు మాత్రం మోకాలు కాదు, గుడ్డమూట. పాదం ఎటు తిప్పితే కాలు అటు తిరిగింది.

కోటవురట్ల వైపునుంచి వచ్చే బస్సు ఆపి నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకుపోయాం. మర్నాడు సాయంత్రం కళ్ళు తెరిచాడు. నన్ను చూసి, మట్టి గంప లాగేవా అని అడిగాడు. మోకాలు ఎలా పగిలిందని డాక్టరుగారు అడిగితే, కళ్ళు తిరిగి గోడ గుంటల మీంచి పడ్డాడు అని మా బావగారు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. నా పెనిమిటి కూర్చున్నచోటే ఒరిగాడని నా కళ్ళతో నేను చూశాను. నోరు విప్పలేదు. ఆసుపత్రి వరండాలో మా బావగారు నా పక్కన కూర్చున్నాడు. మరదలితో ఒంటరిగా మాట్లాడే మనిషి కాడు. వేరేవైపు చూస్తూ అన్నాడు.

"రాయి నూతిలోనే వొదిలీసేను. నువ్వూ వొదిలీ, అమ్మా."

నేను వదల్లేదు. ఆయన వదిలేశాడు. పోయేదాకా ఎవరితోనూ అనలేదు.

నా పెనిమిటి మళ్ళీ నూతి దిగలేదు. కర్ర సాయంతో నడిచేవాడు. తలనొప్పి ఎప్పటికీ పోలేదు. కొన్ని మాటలు మర్చిపోయేవాడు. అరుగు మీద కూర్చుని జనపతాళ్ళు పేనేవాడు. ఆ తాళ్ళు మా ముఠా నూతుల్లోకే పోయేవి. ఎవరైనా కాలు సంగతి అడిగితే నూతిలో పడిపోయానని కథ చెప్పేవాడు. చెప్పేకొద్దీ కథ పెరిగింది. ఒక ఏడు సగంలోంచి పడ్డాడు, ఇంకో ఏడు గట్టు మీంచే పడ్డాడు. గట్టు మీంచి పడితే బతుకుతావా, కొబ్బరికాయలా పగిలిపోవూ అని పేట ఆడవాళ్ళు వెక్కిరించేవారు. నేను నవ్వేదాన్ని. నవ్వి లోపలికి పోయేదాన్ని.

నాకు నలభై అయిదు దాటాక అయ్యగారి భార్య, మేం అమ్మగారని పిలిచేవాళ్ళం, చర్చి వరండాలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి అక్షరాలు చెప్పింది. పలకా బలపం పట్టాను. బైబిలు చదవడానికని మొదలెట్టాను గాని, చదవడం వచ్చాక కనపడిందల్లా చదివాను. అమ్మగారి ఇంట్లో తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం ఒకటి ఉండేది. అందులో పైనుంచి పడే వస్తువుల పాఠం ఉంది. పడే వస్తువు వేగం పెంచుకుంటూ పోతుందట. వేగం పెరిగేకొద్దీ గాలి దాన్ని ఎదురు నెడుతుందట. ఆ నెట్టుడు వస్తువు బరువుకి సరితూగిన చోట వేగం ఇంక పెరగదు, అక్కణ్ణించి ఒకే వేగంతో దిగుతుంది. తేలికై వెడల్పయినదానికి ఆ చోటు తొందరగా వస్తుంది. బరువై ముడుచుకున్నదానికి ఎంతో దూరం పడితే గాని రాదు. నూతి లోతు చాలదు.

వేలు పెట్టి కూడబలుక్కుని చదవడానికి నాకు ఒక పూట పట్టింది. చదివి అరచేతులు చూసుకున్నాను. జర్రుమని రెండు మూడు బారలు, తరవాత అదే నడక. ఇది నా చేతిలోంచే పోయింది. పుస్తకం రాసినవాడికి తెలిసింది, నాకూ తెలుసు, కళ్ళంలో ఊకకి తెలుసు. తెలిసి రాయి కట్టాను. తెలియక చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాట ఆ పూటతో పోయింది.

ఇంటికెళ్ళి ఆయనకి చెప్పాను. తాడు పేనుతున్నాడు. నువ్వు పడలేదు, కూర్చున్నావు, కూర్చుని ఒరిగావు, నీ కాలు మీద నేను రాయి వేశాను అని చెప్పాను. మట్టల సంగతీ, కొంగు చింపి కట్టిన సంగతీ అన్నీ చెప్పాను. ఆయన తాడు పేనడం ఆపలేదు.

పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు. రాత్రి పక్క అరుగు మీదికి మార్చుకున్నాడు. పదమూడో రోజున గంజి నోట్లో పెట్టుకుని, "ఉప్పెయ్యలేదేటే?" అన్నాడు. ఉప్పు తెచ్చి వేశాను. ఆ సంగతి మళ్ళీ మా ఇద్దరి మధ్యా రాలేదు. నన్ను క్షమించాడో లేదో అడగలేదు. కాలు కథ మాత్రం ఎవరికీ మళ్ళీ చెప్పలేదు. అడిగితే నూతి పని కదా అనేవాడు. అంతవరకే.

ఆ రోజు ఆ నూతి దగ్గర ఉన్నవాళ్ళని రాసి ముగిస్తాను. పేర్లు రాయను, పోయినవాళ్ళు పోయారు, ఉన్నవాళ్ళకి ఇష్టముండదు. అడుగున నా పెనిమిటి. గట్టు మీద మా బావగారు, రెండుసార్లు దిగి ఒకసారి తెచ్చినవాడు. నా తోడికోడలు, తాడు నాతో కలిసి లాగినది. నుయ్యి తవ్వించిన రైతుగారు, గడియారం ఆయనదే. ఇంజను మేస్త్రీ, ఏ ఊరివాడో తెలియదు, ఆ వారమే పని మానేసి వెళ్ళిపోయాడు. మా అయ్యగారు, ఆ ఆదివారం చర్చిలో పిల్లల చేతికి వేపమండలు ఇచ్చి ఊరేగింపు నడిపించారు. రాయి కట్టిన నేను. ఇంకెవరూ లేరు. రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి ఎవరైనా చూసి ఉంటే చూసి ఉంటారు, వాళ్ళు ఆగలేదు కాబట్టి వాళ్ళని కలపను.